క్వాయ్ వంతెన మీద ఒక పూట

‘బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ అనే ఇంగ్లీషు సినిమా మన పాఠకుల్లో పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. 1957లో వచ్చి ఏడు ఆస్కార్ బహుమతులు గెలుచుకున్న సినిమా. అందులో బ్రిటిష్ యుద్ధఖైదీలు ఈల వేసుకుంటూ కవాతు చేస్తారు, పట్టుదలగా ఒక కర్రవంతెన కడతారు, చివర్లో ఆ వంతెన రైలుతో సహా నదిలో కూలిపోతుంది. సినిమా తీసింది సింహళంలోని కితుల్‌గల అనే ఊళ్లో. అసలు వంతెన థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో ఉంది. అది కర్రవంతెన కాదు, ఇనుప వంతెన. పైగా ఈనాటికీ దాని మీద రోజూ రైళ్లు నడుస్తున్నాయి.

మొన్న జనవరిలో నేనూ మా ఆవిడా బ్యాంకాక్ వెళ్లినప్పుడు, తోటి ప్రయాణికులంతా బజార్లకూ సముద్రతీరాలకూ పోతే మేమిద్దరం ఒక పూట దీనికోసం కేటాయించుకున్నాం. బ్యాంకాక్‌లో నదికి అవతలి ఒడ్డున తోన్‌బురి స్టేషను ఉంది. ఉదయం అక్కడ రైలెక్కాలి. విదేశీయులకు టిక్కెట్టు 100 బాట్లు. అన్నీ మూడో తరగతి పెట్టెలే. కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి, పైన పంకాలు, పెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ వేపుడన్నం పొట్లాలూ కోసిన జామకాయ ముక్కలూ అమ్మే ఆడవాళ్లు. మీటరు గేజి పట్టాల మీద ఊగుతూ పోతూంటే చిన్నప్పుడు పర్లాకిమిడి చిన్నరైల్లో వెళ్లినట్టే ఉందని మా ఆవిడ సంబరపడింది. ఆమె పుట్టిల్లు ఆ వైపే.

ముందు పేరు సంగతి చెప్పాలి. మనం క్వాయ్ అంటున్న ఆ మాటను థాయ్‌వాళ్లు ‘ఖ్వే’ అంటారు. క్వాయ్ అని పలికితే వాళ్ల భాషలో గేదె అని అర్థం వస్తుందట! అంతేకాదు, వంతెన కట్టిన రోజుల్లో ఆ నది పేరు మేక్లాంగ్. ఖ్వే నోయ్ అనేది అక్కడికి కాస్త దిగువన కలిసే మరో నది. రైలుమార్గంలో ఎక్కువ భాగం దాని ఒడ్డునే పోతుంది. ఫ్రెంచి రచయిత పియెర్ బూల్ 1952లో నవల రాస్తూ వంతెన కూడా ఆ నది మీదే ఉందనుకున్నాడు. సినిమా వచ్చాక ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి ‘క్వాయ్ నది ఏదీ?’ అని అడగడం మొదలుపెట్టారు. థాయ్‌వాళ్లు వ్యవహారం తెలిసినవాళ్లు. 1960 ప్రాంతంలో వంతెన కింది నదికే ఖ్వే యాయ్ అని పేరు మార్చేశారు. కథకు తగ్గట్టు భూగోళాన్నే సర్దారన్నమాట. బ్యాంకులో తేడా వస్తే మేము ఖాతా సరిచేస్తాం గాని ఖాతాదారు పేరు మార్చం!

ఇక వంతెన కథ. 1942లో జపాను సైన్యం బర్మా దాకా వచ్చేసింది. అక్కడి సైన్యానికి తిండీ తుపాకులూ పంపాలంటే సింగపూరు చుట్టూ ఓడల్లో పోవాలి. ఆ దారిలో శత్రువుల జలాంతర్గాముల భయం. అందుకని థాయ్‌లాండ్‌లోని నోంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ దాకా, కొండలూ అడవులూ తొలిచి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలని తలపెట్టారు. అంతకుముందు బ్రిటిష్‌వాళ్లు ఇదే దారిని పరిశీలించి, ఖర్చూ రోగాలూ చూసుకుని, మనవల్ల కాదని వదిలేసినది. జపాను సైన్యం దాన్ని పదహారు నెలలు తిరక్కుండా పూర్తిచేసింది. రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు 1943 అక్టోబరులో కలిశాయి. ఎలా పూర్తిచేశారనేదే అసలు సంగతి. అరవై వేలకు పైగా బ్రిటిష్, డచ్చి, ఆస్ట్రేలియా, అమెరికా ఖైదీలను పనిలో పెట్టారు. వాళ్లలో పన్నెండు వేలమందికి పైగా చనిపోయారు. వాళ్లు కాక ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలమంది. బర్మావాళ్లు, జావావాళ్లు, మలయావాళ్లు, మలయా రబ్బరు తోటల్లో పనిచేసే మన దక్షిణాదివాళ్లు. వీళ్లలో పోయినవాళ్లు తొంభై వేల దాకా ఉంటారని అంచనా. అంచనా అనే అనాలి. ఎవరూ లెక్క రాయలేదు.

వంతెన స్టేషనులో దిగితే ఎదురుగానే కనిపిస్తుంది. నల్లటి ఇనుము, సిమెంటు స్తంభాలు, కింద ఆకుపచ్చ నీళ్లు. మూడువందల మీటర్ల పైచిలుకు పొడవు. మన రాజమండ్రి గోదావరి వంతెనలు చూసిన కళ్లకు ఇదేమంత పెద్దది కాదు. జనం పట్టాల మధ్య పరిచిన ఇనుపరేకుల మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డు దాకా పోతారు. రైలు వస్తే తప్పుకోవడానికి పక్కన అక్కడక్కడ చిన్న అరుగుల్లాంటివి ఉన్నాయి. రైలు కూడా మర్యాదగా, నడిచే మనిషి వేగంతో, కూత వేసుకుంటూ వస్తుంది. మేము అలాంటి ఒక అరుగు మీద నిలబడి ఉండగా చేతికి అందేంత దూరంలో రైలు పోయింది. కిటికీలోంచి ఒక పసివాడు మా ఆవిడకు చెయ్యి ఊపాడు.

కాస్త పరకాయించి చూస్తే వంతెనలో రెండు రకాల కమ్ములు కనిపిస్తాయి. ఎక్కువ కమ్ములు విల్లులా పైకి వంపు తిరిగినవి. మధ్యలో రెండు మాత్రం వంపు లేకుండా పెట్టెలాగా కోణాలు తీరి ఉన్నాయి. ఆ వంపు కమ్ములు 1943 నాటివి. జావాలో డచ్చివాళ్లు కట్టుకున్న వంతెనను జపానువాళ్లు విప్పించి, ముక్కలుగా మోయించి తెచ్చి ఇక్కడ బిగించారు. మొదట కొంచెం దిగువన ఒక కర్రవంతెన కట్టి పని గడుపుకుని, కొద్దినెలల్లో ఈ ఇనుప వంతెనను సిద్ధం చేశారు. 1944 చివరి నుంచి దీన్ని కూల్చాలని మిత్రపక్షాల విమానాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆ లిబరేటర్ బాంబర్లు బయలుదేరింది ఎక్కడి నుంచో కాదు, మన బెంగాల్‌లోని విమానస్థావరాల నుంచి. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డ సంగతి మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్నాం. రెండున్నరేళ్లకు గాలి ఇలా తిరిగింది. వంతెనకు కాపలాగా జపానువాళ్లు విమానాలను కూల్చే ఫిరంగులను నిలిపారు. నిలిపింది ఎక్కడ? ఖైదీల శిబిరం పక్కనే. ఫిరంగుల మీద వేసిన బాంబులు శిబిరం మీదా పడి, సొంతవాళ్ల చేతిలోనే కొందరు ఖైదీలు పోయారు. 1945లో మధ్య కమ్ములు మూడు నదిలో కూలాయి. యుద్ధం అయ్యాక వాటి స్థానంలో పెట్టినవే ఈ రెండు పెట్టె కమ్ములు. వాటిని తయారుచేసిందీ జపానే.

ఫిరంగులు ఇప్పుడు లేవు. ఒడ్డు పొడుగునా తేలే హోటళ్లూ, టోపీలమ్మే దుకాణాలూ. కాని వంతెన దిగి కిందకు వెళ్లి స్తంభాల దగ్గర నిలబడితే, సిమెంటు మీద బాంబు పెంకులు తగిలి పెచ్చులూడిన గుంటలు కనిపిస్తాయి. నేను వేలు పెట్టి చూశాను. బొటనవేలు మొత్తం దిగింది. పైన ఫొటోలు తీసుకునేవాళ్లలో కిందకు వచ్చినవాళ్లు మేము ఉన్నంతసేపట్లో మరెవరూ లేరు.

బ్యాంకువాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ వంతెన కట్టిన శిబిరంలో ఖైదీల పెద్ద లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్ టూసీ. ఆయన యుద్ధానికి ముందు లివర్‌పూల్‌లో బేరింగ్స్ బ్యాంకులో పనిచేసినవాడు! సినిమాలోని కర్నల్ శత్రువు వంతెనను తన వంతెన అనుకుని మురిసిపోతాడు. టూసీ అలాంటివాడు కాదు. పని తప్పించుకోలేమని తెలిసి, బేరమాడి బేరమాడి తనవాళ్లకు సెలవురోజూ ఇంత మెరుగైన తిండీ సాధించాడు. మరుగుదొడ్ల శుభ్రత దగ్గర నుంచి అన్నీ కచ్చితంగా చూశాడు. సినిమా చూసి ఆయన కింద పనిచేసిన ఖైదీలు నొచ్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కాంచనబురిలోనే బూన్‌పాంగ్ అనే వ్యాపారి ఉండేవాడు. శిబిరాలకు కూరగాయలూ సరుకులూ సరఫరా చేసే నెపంతో లోపలికి మందులు దొంగతనంగా చేరవేసేవాడు. ఖైదీలకు అప్పులిచ్చేవాడు. ఆ అప్పుకు హామీ ఏమిటి? ఎప్పుడు చస్తారో తెలియని మనుషులు రాసిచ్చిన చీటీ! ఏ బ్యాంకు మేనేజరూ అలాంటి అప్పు మంజూరు చెయ్యడు. యుద్ధం తరువాత ఆయన వ్యాపారం దెబ్బతిన్నదని తెలిసి, టూసీ, తక్కిన పాత ఖైదీలు చందాలు వేసి ఆయనకు డబ్బు పంపారు. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత నమ్మకంగా వసూలైన బాకీ నేను చూడలేదు.

ఊళ్లో యుద్ధ శ్మశానం ఉంది. పచ్చటి గడ్డి, వరసలు తీరిన చిన్న పలకలు, దాదాపు ఏడు వేల సమాధులు. ప్రతి పలక మీదా పేరు, పటాలం, వయసు. ఇరవై రెండు, ఇరవై నాలుగు, పంతొమ్మిది. కింద తల్లో భార్యో రాయించిన ఒక వాక్యం. కలరాతో పోయి దహనం చేసిన మూడువందల మంది బూడిదను రెండు సమాధుల్లో ఉంచి, వాళ్ల పేర్లు కూడా చెక్కారు. అవిభక్త భారత సైన్యానికి చెందిన పదకొండుమంది థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో ఎక్కడెక్కడో ఖననమైతే, ఆ సమాధులను చూసుకునే వీలు లేక, వాళ్ల పేర్లు తెచ్చి ఇక్కడ రాసిపెట్టారు. ఒక్క పేరు కూడా జారిపోకూడదన్న ఆ పట్టుదల చూసి నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

కూలీల మాటేమిటి? వాళ్లకు దస్త్రం రాసే అధికారి లేడు. ఖైదీల్లో డాక్టర్లుండేవారు. మందుల్లేకపోయినా నీళ్లు కాచుకుని తాగండి, గిన్నెలు మరిగించండి అని కట్టడి చేసి కొందరినైనా నిలబెట్టారు. కూలీల గుడిసెల్లో చెప్పేవాడు లేడు. 1943 వానాకాలంలో ఎగువ అడవుల్లో కలరా వచ్చినప్పుడు గుడిసెలకు గుడిసెలే ఖాళీ అయ్యాయి. భార్యాబిడ్డలతో వచ్చినవాళ్లూ ఉన్నారు వాళ్లలో.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాయనమ్మ తమ్ముడు, అంటే నాకు చిన్నతాత, 1936లో గంజాం నుంచి మద్రాసు వెళ్లి, ఓడెక్కి మలయా పోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మలయా తోటలకు పోవడం అంతకు యాభై ఏళ్ల ముందు నుంచే ఉన్నది. 1941 దాకా ఏటా రెండుసార్లు మనియార్డరు వచ్చేదట. ఒక మనియార్డరు కాగితం ముక్కను నాయనమ్మ పసుపు రాసిన గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. దాని మీద బాగాన్ దాతో అని తపాలా ముద్ర ఉంటుంది. ఆ తరువాత డబ్బూ లేదు, జాబూ లేదు. నాయనమ్మ 1993లో పోయేదాకా తమ్ముడికి తద్దినం పెట్టనివ్వలేదు. పోయాడని ఎవరు చెప్పారని అడిగేది. ఎవరూ చెప్పలేదు, నిజమే.

వంతెన మొదట్లోనే, జపాను సైన్యం 1944లో తానే నిలిపిన ఒక స్మారకం ఉంది. పనిలో పోయినవాళ్ల ఆత్మశాంతి కోసమట. చంపినవాళ్లే కట్టిన గుడి అని కొందరు కోపంగా అంటారు. అదీ సబబే. దాని చుట్టూ గోడల మీద రకరకాల భాషల్లో శాసనాలున్నాయి. ఇంగ్లీషు, థాయ్, చీనా, మలయా, తమిళం. తమిళం పలక ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. తెలుగు పలక కోసం నాలుగు వైపులా తిరిగాను. లేదు. మలయాలో దక్షిణాదివాళ్లందరూ పైవాళ్ల కళ్లకు ఒక్కటే కదా. పైగా అక్కడివాళ్లు మనవాళ్లను ‘కెలింగ్’ అనేవారు. ఇప్పుడది తిట్టుగా భావిస్తారు గాని, పుట్టింది మన కళింగం పేరు నుంచే.

అలా తిరుగుతూ మా ఆవిడతో తెలుగులో ఏదో అంటుండగా వెనక నుంచి ఒక ముసలాయన పలకరించాడు.

“తెలుగోళ్లేనా బాబూ మీరు?”

తెల్లచొక్కా, తలకు టోపీ, డెబ్బై అయిదు దాటిన మనిషి. పక్కన మనవడు.

“అవునండీ. మీరెక్కడి నుంచి?”

“మాది మలేసియా. తెలుక్ ఇంతాన్ దిక్కు. తాతలది సికాకుళం. మీదే ఊరు?”

బరంపురమన్నాను. ఆయన మొహం విప్పారింది. “గంజామోళ్లా! అయితే మావోళ్లే మీరు. రా అమ్మా, నీడకి రా” అని మా ఆవిడను చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టాడు. మనవడికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఆ సమస్య మన సంఘంలోనూ ఉన్నదే కనుక ఆశ్చర్యపోలేదు.

ఆయన ఇద్దరు మేనమామలూ ఈ రైలుపనికి పోయి తిరిగి రాలేదు. “మా యమ్మ సెప్పేది. మూడు నెల్ల పని, రోజుకో డాలరు, తిండి ఇస్తామన్నారంట. రబ్బరు కొనేవోడు లేడు, తోటల్లో పని లేదు, బియ్యం లేవు. ఏటి సేస్తారు? పోనారు. పోనోళ్లని బలవంతంగా లారీలెక్కించినారు. కొన్ని తోటల్లో ఊరికే సినిమా ఆడతామని పిలిచి, తలుపులేసి, అటునుంచి అటే రైలెక్కించేసినారు.”

సినిమా సంగతి మలేసియాలో చాలామంది పెద్దల నోట వినిపించే మాటేనని మనవడు చెప్పాడు. సింగపూరు, మలయా వైపు నుంచి వచ్చిన సరుకుపెట్టెల్లో నాలుగైదు రోజులు నిలబెట్టి తెచ్చి, బాన్ పోంగ్‌లో దింపి, అక్కడి నుంచి అడవిలోకి నడిపించేవారు.

“డబ్బు ఏమైనా ఇంటికి చేరిందాండీ?” అని అడిగాను. అలవాటు పోదు కదా.

“సేరింది. మా అత్త ఒక రేకుడబ్బా నిండా దాసింది. అరిటిసెట్టు నోట్లు!” అని నవ్వాడు. జపానువాళ్లు మలయాలో అచ్చువేసిన పదిడాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది. 1945లో జపాను లొంగిపోగానే ఆ నోట్లకు విలువ లేదని ప్రకటించారు. ఆవిడ ఆ డబ్బాను చాలాకాలం పారేయలేదట. పిల్లలు బడి ఆటకు వాడుకునేవారట. యుద్ధఖైదీలకు తరువాత ఎంతో కొంత పరిహారం ముట్టిందనీ, తమవాళ్ల కుటుంబాలకు మాత్రం కాణీ రాలేదనీ ఆయన అన్నాడు. అంటున్నప్పుడు గొంతులో కోపం లేదు. వాన రాలేదని చెప్పే రైతు గొంతులా ఉంది.

ఆయనే మమ్మల్ని ఊళ్లోని వాట్ తావర్న్ అనే వియత్నామీ బౌద్ధాలయానికి తీసుకుపోయాడు. అక్కడి ఆవరణలో పేరు తెలియని కూలీల ఎముకల మీద కట్టిన పాత కట్టడం ఒకటుంది. ఈ ఊళ్లోనే 1990లో చెరకుతోటలో తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎవరివో చెప్పే చీటీ లేదు, బిళ్ల లేదు. ఇటీవల మలేసియాలోని భారతీయులు పూనుకుని, అదే గుడిలో 2023లో ఒక నడుకల్లు నిలిపారు. మనం వీరగల్లు అంటామే, అది. కర్ణాటకలోని మన పాఠకులకు చెప్పనక్కర్లేదు, ఊరి పొలిమేరల్లో కనిపిస్తూనే ఉంటాయి. యుద్ధంలో పోయిన వీరుడికి వేసే రాయిని, పలుగు పట్టి కలరాతో పోయిన కూలీకి వేశారు. ఎనభై ఏళ్లు ఆలస్యమైనా సరైన పనే.

మా ఆవిడ సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి రాయికి బొట్టు పెట్టబోయి, పెట్టవచ్చునా అన్నట్టు పెద్దాయన వంక చూసింది. “పెట్టమ్మా, మనోళ్లే కదా” అన్నాడాయన.

అప్పుడే నేను చిన్నతాత సంగతి చెప్పాను. ఆయన వెంటనే, “ఏ తోట?” అని అడిగాడు. తోట పేరు మాకు తెలీదు, తపాలా ముద్ర బాగాన్ దాతో అని మాత్రం ఉంది అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఉండేవారనీ, ఇప్పటికీ ఉన్నారనీ, ఆ తోటల నుంచి సయాముకు పోయినవాళ్లు కొల్లలనీ చెప్పాడు. ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. మనవడు ఫోనులో రాసుకున్నాడు. కొందరు అటునుంచి తిరిగొచ్చి వేరే తోటల్లో స్థిరపడి, ఇండియాకు జాబు రాయడానికి మొహం చెల్లక ఊరుకున్నారని కూడా అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే తెలిసి అన్నాడో.

మధ్యాహ్నం రైలుకు మేము నామ్ తోక్ దాకా వెళ్లాం. ఇప్పుడు మార్గం అక్కడితో ఆఖరు. ఆపైన బర్మా దాకా ఉన్న పట్టాలను యుద్ధం తరువాత పీకేశారు, అడవి మూసేసింది. దారిలో థామ్ క్రసే దగ్గర, కొండ చరియను ఆనుకుని నది మీదుగా ఒక కొయ్య కట్టడం మీద రైలు పోతుంది. ఖైదీలు 1943 వసంతంలో కొద్దివారాల్లో కట్టినది. ఒక వైపు చెయ్యి చాస్తే కొండరాయి, మరోవైపు చూస్తే కిందెక్కడో ఖ్వే నోయ్ నది. రైలు నత్తలా నడుస్తుంది, దూలాలు కిర్రుమంటాయి. అందరూ కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టి వీడియోలు తీస్తున్నారు. మా ఆవిడ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

ఇంకా ఎగువన కొండను ఉలీ సుత్తీలతో తొలిచిన ‘హెల్‌ఫైర్ పాస్’ అనే చోటుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడ 1998లో ప్రదర్శనశాల తెరిచింది. రాత్రిళ్లు దివిటీల వెలుగులో ఎముకల గూళ్లలాంటి మనుషులు పనిచేస్తుంటే నరకంలా కనిపించిందట, అందుకని ఆ పేరు. మాకు పొద్దు చాలక వెళ్లలేదు. వెళ్లదలచినవాళ్లు కాంచనబురిలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. శ్మశానం పక్కనున్న రైల్వే మ్యూజియానికి కనీసం రెండు గంటలు కావాలి. నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. జనవరిలోనే ఎండ మన రోహిణిని తలపించింది.

తెలుక్ ఇంతాన్ నుంచి ఫిబ్రవరిలో ఒక ఫోను వచ్చింది. మా ఇంటిపేరుతో అక్కడ రెండు కుటుంబాలున్నాయట. ఒకరిది విజయనగరం వైపు, మనకు సంబంధం లేదు. రెండోవాళ్ల తాత ఏ ఊరి నుంచి వచ్చాడో వాళ్లకే తెలియదట. మనియార్డరు కాగితం ఫొటో పంపమన్నారు. తమ్ముడు ట్రంకుపెట్టె తీసి, గుడ్డ విప్పి, ఫొటో తీసి పంపాడు. ముద్ర బాగా అలికిపోయింది గాని తారీఖు మాత్రం చదవడానికి వస్తోంది, 1941 ఆగస్టు. జవాబు ఇంకా రావాలి.